‘అవతల’ అనే చోటు

పనికిరాని వస్తువు కనబడితే ‘అవతల పారేయండి’ అంటాం. అవతల అంటే ఎక్కడ? గుమ్మం అవతలా, వీధి అవతలా, ఊరి అవతలా? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడగనక్కర లేకుండా చేయడమే ఆ మాట చేసే పని. మనిషి ప్రకృతికి చేసిన హాని గురించి రాసేవాళ్లు అత్యాశ, అజ్ఞానం, జనాభా అంటూ పెద్ద కారణాలు చెబుతారు. వాటిలో నిజం లేకపోలేదు. కానీ గడచిన రెండు వందల ఏళ్ల చరిత్రను దగ్గరగా చూస్తే అంతకన్నా చిన్నదీ, మామూలుదీ అయిన ఒక అలవాటు పదేపదే కనిపిస్తుంది. మురికి మన ముక్కుకు తగిలితే దాన్ని కొంచెం దూరం జరుపుతాం. అక్కడ ఇంకొకరి ముక్కుకు తగిలేదాకా సమస్య తీరిందనే అనుకుంటాం. తగిలాక మరికొంచెం దూరం జరుపుతాం.

ఈ కథ మొదలుపెట్టడానికి లండన్ మంచి చోటు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడ మలం ఇంటి కిందనో పెరట్లోనో ఉన్న గోతిలోకి చేరేది. రాత్రివేళ పనివాళ్లు వచ్చి దాన్ని తోడి, బండ్లకెత్తి, ఊరి చుట్టూ ఉన్న పొలాలకు ఎరువుగా అమ్ముకునేవారు. పని అసహ్యమైనదే, వాసన భరించలేనిదే. అయినా నేల నుంచి వచ్చింది తిరిగి నేలకే వెళ్లేది. ఇంతలో ఊరు పెరిగి పొలాలు దూరమయ్యాయి. నీళ్లు పోసి కడిగే మరుగుదొడ్లు ఇళ్లలోకి వచ్చాయి. అన్ని నీళ్లు వచ్చి పడేసరికి గోతులు పొంగి పొర్లాయి. దుర్వాసనే రోగాలకు మూలమని గట్టిగా నమ్మిన అధికారులు 1848 తర్వాత ఆ గోతులను మూయించి, ఇళ్ల మురుగును కాలువల్లో కలిపించారు. కాలువలన్నీ థేమ్స్ నదిలోకే పోతాయి. ఊరు తాగే నీళ్లలో చాలా భాగం కూడా ఆ నదివే. 1848-49 కలరాలో ఆ ఒక్క నగరంలో 14 వేల మందికి పైగా చనిపోయారు. 1854లో కలరా మళ్లీ వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఒక వీధి పంపు చుట్టూ చావులు ఎలా మూగి ఉన్నాయో లెక్క తీసి, రోగం గాలిలో లేదు, నీళ్లలో ఉందని చూపించాడు. చాలామంది ఒప్పుకోలేదు.

1858 వేసవి ఎండలకు నది కుళ్లింది. పార్లమెంటు భవనం సరిగ్గా ఆ ఒడ్డునే ఉంది. కిటికీ తెరలను బ్లీచింగు పొడి కలిపిన నీళ్లలో ముంచి వేలాడదీసినా సభ్యులు ముక్కులు మూసుకోక తప్పలేదు. కొత్త మురుగు వ్యవస్థకు కావలసిన చట్టం 18 రోజుల్లో తయారైంది. వేల చావులు కదిలించలేని సభను ఒక వాసన కదిలించిందని ఎత్తిపొడవాలనిపిస్తుంది గానీ, ఆ తర్వాత జరిగిన పని నిజంగా గొప్పది. ఇంజనీరు జోసెఫ్ బాజల్గెట్ నదికి సమాంతరంగా పెద్ద కాలువలు తవ్వించి, మురుగంతా నగరం దాటాక తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్ అనే రెండుచోట్ల నదిలో కలిసేలా ఏర్పాటు చేశాడు. ఆటుపోట్లలో నీళ్లు సముద్రం వైపు తీసే వేళకు తలుపులు తెరిచేవారు. 1866 తర్వాత లండన్‌లో కలరా మళ్లీ విజృంభించలేదు. ఆ కాలువలు ఈ రోజుకీ పనిచేస్తున్నాయి.

కానీ తలుపులు తెరిచిన చోట నది నల్లగానే ఉంది. 1878 సెప్టెంబరు 3 సాయంత్రం, ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే విహార నౌక సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఒక బొగ్గు ఓడ తగిలి రెండు ముక్కలైంది. అంతకు సుమారు గంట ముందే రెండు చోట్లా మురుగు వదిలారు. నీళ్లలో పడ్డవాళ్లు మునిగింది నదిలో అనడం కష్టం. 600 మందికి పైగా చనిపోయారు. ఒడ్డుకు చేరినవాళ్లలో కొందరు ఆ తర్వాతి రోజుల్లో పోయారు. దేశం నివ్వెరపోయింది. చివరికి ఏం చేశారు? మురుగులోని మడ్డిని వేరు చేసి, 1887 నుంచి ఓడల్లో నింపి సముద్రంలో పారబోయడం మొదలుపెట్టారు. ఇంటి కింది గోతి నుంచి నదికి, నది నుంచి నది చివరికి, అక్కడి నుంచి సముద్రానికి. ఆ ఓడలు 1998 వరకూ నడిచాయి.

ఇక్కడ ఒక పక్క కథ ఉంది. దాన్ని వదిలి ముందుకు పోబుద్ధి కావడం లేదు. లండన్ తన ఎరువును నదిలో కలుపుతున్న ఆ రోజుల్లోనే అక్కడి రైతులు ఎరువు కోసం భూగోళం అవతలి నుంచి పక్షి రెట్ట దిగుమతి చేసుకుంటున్నారు. పెరూ తీరంలోని చించా దీవుల మీద వానలు లేక, వేల ఏళ్లుగా సముద్ర పక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుని గట్టిపడింది. చైనా నుంచి మోసపుచ్చి తెచ్చిన కూలీలు దుమ్ములో దగ్గుతూ దాన్ని తవ్వి ఓడలకెత్తేవారు. అమెరికా 1856లో ఏకంగా ఒక చట్టమే చేసింది. ఎవరి అధీనంలోనూ లేని దీవిలో తమ పౌరుడికి ఇలాంటి రెట్ట దొరికితే దాన్ని అమెరికా స్వాధీనం చేసుకోవచ్చన్నది దాని సారాంశం. వేల ఏళ్ల నిల్వ నలభై ఏళ్లు కూడా రాలేదు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో, ఎరువుకు మూలమైన అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి మొదలైంది. ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది తిండి ఇప్పుడు ఆ ప్రక్రియ మీద ఆధారపడి ఉంది. దాన్ని తిట్టుకుంటూ అన్నం తినడం కుదరదు. కాకపోతే పైరు పీల్చుకోని ఎరువు వాన నీటితో నదికీ, నది నుంచి సముద్రానికీ పోతుంది. అక్కడ నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. మిసిసిపీ నది కలిసే మెక్సికో అఖాతంలో 2017లో అలా ఊపిరాడని నీరు సుమారు 22,700 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది.

గాలి సంగతి కూడా ఇదే దారిలో నడిచింది. బట్టల మిల్లులకూ, సబ్బుకూ, గాజుకూ కావలసిన సోడా తయారుచేసే బ్రిటిష్ ఫ్యాక్టరీలు 19వ శతాబ్దంలో హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువును నేరుగా గాల్లోకి వదిలేవి. చుట్టుపక్కల చెట్లు మోడువారేవి. రైతులు కోర్టులకెక్కారు. 1863లో వచ్చిన చట్టం ఆ వాయువులో 95 శాతాన్ని పట్టి ఉంచాలని ఆదేశించింది. పట్టే పద్ధతి తేలికే. బురుజులాంటి కట్టడంలో వాయువును పైకి పంపుతూ పైనుంచి నీళ్లు చల్లితే ఆమ్లం నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లను పక్కనే ఉన్న వాగులో వదిలేవారు. చట్టం గాలి గురించి మాట్లాడిందే తప్ప వాగు గురించి కాదు కదా! ఆ చట్టాన్ని అమలు చేయడానికి నియమించిన తొలి ఇన్‌స్పెక్టరు రాబర్ట్ ఆంగస్ స్మిత్ పారిశ్రామిక నగరాల వాన నీటిని సీసాల్లో పట్టి పరీక్షించేవాడు. 1872లో అచ్చయిన తన పుస్తకంలో ‘ఆమ్ల వర్షం’ అనే మాట వాడాడు. తర్వాత తొంభై ఏళ్లకు పైగా ఆ మాట జోలికి పోయినవాళ్లు అరుదు.

1952 డిసెంబరు 5న లండన్ మీద గాలి కదలడం మానేసింది. చలికి ఇంటింటా రాజేసిన బొగ్గు పొగ, విద్యుత్ కేంద్రాల పొగ, మంచు కలిసి పసుపు రంగు ముద్దలా వీధుల్లో కూర్చున్నాయి. బస్సుల ముందు మనిషి దీపం పట్టుకుని నడవాల్సి వచ్చింది. పొగ నాటకశాల లోపలికీ చొరబడి, వేదిక కనబడక ఒక ఒపేరా ప్రదర్శన మధ్యలో ఆగిపోయింది. నాలుగైదు రోజుల తర్వాత గాలి వీచింది, పొగ వెళ్లింది. అప్పటి లెక్కలో 4 వేల చావులు. తర్వాతి పరిశోధకులు ఆ లెక్కను 12 వేల దాకా తీసుకెళ్లారు. ప్రభుత్వం మొదట నంగినంగిగా మాట్లాడినా, 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం చేయక తప్పలేదు. ఇళ్లలో పొగ రాని ఇంధనం వాడాలన్నారు. విద్యుత్ కేంద్రాలు నగరాల నుంచి దూరంగా వెళ్లాయి, వాటి పొగగొట్టాలు ఎత్తు పెరిగాయి. నగరాల్లో మసి తగ్గింది. చట్టం ఫలించిందని చెప్పడానికి ఎలాంటి సంకోచమూ అక్కర్లేదు.

కానీ మసి పోయినంత మాత్రాన గంధకం పోదు. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ వాయువై, ఎత్తయిన గొట్టాల నుంచి గాలి పొరల్లోకి ఎక్కి, రోజుల తరబడి ప్రయాణించి, ఆమ్లమై ఎక్కడో కురిసింది. ఆ ఎక్కడో నార్వే, స్వీడన్. అక్కడి గ్రానైట్ నేలకు ఆమ్లాన్ని విరిచే సున్నం తక్కువ. మట్టిలో బిగుసుకుని ఉన్న అల్యూమినియం ఆమ్లానికి కరిగి సరస్సుల్లోకి దిగింది, చేపల మొప్పలకు పట్టి ఊపిరాడనీయలేదు. చచ్చిన సరస్సులు చూడడానికి అందంగా ఉండేవి. నీటిలో తేలే సూక్ష్మజీవులు పోవడంతో అడుగు రాళ్లు కూడా కనబడేంత తేటగా, నీలంగా. చూడవచ్చినవాళ్లు ఎంత స్వచ్ఛమైన నీళ్లని మెచ్చుకున్నా ఆశ్చర్యం లేదు. 1967లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె ఓడెన్ దీన్ని దేశాల మధ్య రసాయన యుద్ధంతో పోల్చి పత్రికలో రాశాడు. పొగగొట్టాలున్న దేశాలు ఏళ్ల తరబడి సాక్ష్యాలు అడుగుతూ కూర్చున్నాయి.

ఎత్తు పెంచడమనే ఆలోచన శిఖరానికి చేరింది కెనడాలోని సడ్‌బరీలో. నికెల్ ఖనిజాన్ని కాల్చి కరిగించే ఆ పట్టణం చుట్టూ దశాబ్దాల గంధకపు పొగకు కొండలు నల్లటి బోడిరాళ్లయ్యాయి. కంపెనీ 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టింది. ఈఫిల్ టవర్ కన్నా ఎత్తు. పట్టణంలో గాలి బాగుపడింది, కొండల మీద మళ్లీ పచ్చదనం తలెత్తింది. పొగ మాత్రం వందల కిలోమీటర్ల దూరంలోని సరస్సుల మీదికి పోయింది. 1979లో జెనీవాలో యూరప్, ఉత్తర అమెరికా దేశాలు కూర్చుని, సరిహద్దులు దాటే వాయు కాలుష్యం మీద ఒప్పందం చేసుకున్నాక, ఆ తర్వాత అమెరికా కూడా 1990లో చట్టం బిగించాక గానీ గంధకాన్ని గొట్టంలోనే పట్టుకోవడం నియమం కాలేదు. పట్టుకోవడం మొదలయ్యాక ఎత్తుతో పని లేకుండా పోయింది. సడ్‌బరీ గొట్టం వాడకం 2020లో ఆగింది.

దూరం జరపడం కొన్నిచోట్ల తెలియక జరిగింది. కొన్నిచోట్ల తెలిసే జరిగింది. రెండోదానికి మినమాటా పేరు చెప్పాలి.

జపాన్‌లో క్యూషూ దీవి పడమటి తీరాన ఉన్న చిన్న పట్టణం అది. చిస్సో కంపెనీ 1932 నుంచి అక్కడ పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడుతూ అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారుచేసింది. వ్యర్థ జలాన్ని హ్యాక్కెన్ అనే రేవులోకి వదిలింది. 1950ల్లో జాలరి పల్లెల్లో పిల్లులు వింతగా గెంతుతూ, గిరగిరా తిరుగుతూ సముద్రంలో పడి చచ్చాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ రాలిపోయాయి. తర్వాత మనుషుల వంతు. చేతులు వణకడం, మాట తడబడడం, చూపు గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోవడం. 1956 ఏప్రిల్‌లో నడవలేని, మాట్లాడలేని ఐదేళ్ల పాపను కంపెనీ ఆసుపత్రికే తీసుకొచ్చారు. మే 1న ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకావా హజిమె, అంతుచిక్కని నాడీరోగం వ్యాపిస్తోందని అధికారులకు తెలియజేశాడు. పాదరసం చిన్న జీవుల నుంచి చేపకు, చేప నుంచి మనిషికి మెట్టుమెట్టుకూ చిక్కబడుతూ వచ్చింది. తల్లుల్లో పైకి ఏమీ కనబడకపోయినా కడుపులోని బిడ్డలకు సోకింది. తల్లి మాయ విషాన్ని బిడ్డ దాకా రానివ్వదని అప్పటిదాకా వైద్యులు నమ్మేవారు.

వేళ్లు తన వైపు చూపిస్తున్నాయని గ్రహించిన కంపెనీ 1958 సెప్టెంబరులో ఒక పని చేసింది. వ్యర్థ జలం వదిలే చోటును రేవు నుంచి మినమాటా నది ముఖద్వారానికి మార్చింది. నెలలు తిరిగేసరికి అంతకుముందు రోగం ఎరగని తీర గ్రామాల్లో కొత్త రోగులు కనబడ్డారు. నిజానికి కారణం ఏదన్న సందేహం ఎవరికైనా మిగిలి ఉంటే అక్కడితో తీరిపోవాలి. 1959లో హొసొకావా తన ప్రయోగాల్లోని ఒక పిల్లికి, రికార్డుల్లో దాని సంఖ్య 400, ఆ వ్యర్థ జలం కలిపిన తిండి పెట్టి చూశాడు. పిల్లికి అదే రోగం వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. అదే ఏడాది చివర శుద్ధి యంత్రం ఒకటి ప్రారంభించారు. అధ్యక్షుడు అందరి ఎదుటా ఒక గ్లాసు నీళ్లు తాగి చూపించాడు. అసలు ఆ యంత్రాన్ని పాదరసం తీయడానికి రూపొందించనే లేదు. ఫ్యాక్టరీలో ఆ తయారీ ఆగింది 1968 మేలో, ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకున్నది సెప్టెంబరులో. అప్పటికి ఆ పద్ధతి పాతబడి, ఎలాగూ మూసేయాల్సిన దశకు వచ్చేసింది. 2013లో పాదరసం మీద కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

అందరి ఎదుటా గ్లాసెత్తి తాగే ఆ నాటకం కొత్తది కాదు. అమెరికన్ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ దాన్ని రెండుసార్లు ఆడాడు. మోటారు ఇంజన్లు టకటకా కొట్టుకోకుండా ఉండాలంటే పెట్రోలులో టెట్రాఇథైల్ సీసం కలిపితే చాలని 1921లో అతను కనిపెట్టాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది, పేరులో సీసమన్న ఊసే లేకుండా ‘ఇథైల్’ అని. మద్యసారంతో కూడా ఆ పని జరుగుతుందని తెలుసు, కాకపోతే దాని మీద పేటెంటు రాదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో సీసం ఎక్కి మతిభ్రమించి ఐదుగురు కార్మికులు చనిపోయారు. ఆ నెలాఖరున మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, నిమిషం పాటు ఆవిరి పీల్చి, ఏమీ కాదు చూడండన్నాడు. అంతకుముందు ఏడాదే సీసం ఒంటికెక్కి తనే కొన్ని వారాలు విశ్రాంతి తీసుకున్న సంగతి చెప్పలేదు.

కార్ల వెనక గొట్టం నుంచి సీసం ఎక్కడికి పోయిందో తేలడానికి, దానితో ఏ సంబంధమూ లేని మనిషి ఒకడు రావాల్సి వచ్చింది. క్లేర్ ప్యాటర్సన్ భూమి వయసు లెక్క కడుతున్నాడు. ఉల్కా శకలంలో సీసం ఎంత ఏ రకంగా ఉందో కొలిస్తే వయసు తేలుతుంది. కొలిచిన ప్రతిసారీ లెక్క తప్పేది. ఎక్కడ చూసినా అనుకున్నదానికన్నా ఎక్కువ సీసం. బల్ల మీద, గాజు గొట్టంలో, నీళ్లలో, తన వెంట్రుకల్లో. నేల తుడిచి, పాత్రలు ఆమ్లంలో మరిగించి, గాలిని వడగట్టి, ఒళ్లంతా కప్పుకుని పనిచేసే గది ఒకటి కట్టుకున్నాక భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేలింది. ఆ లెక్క 1956లో అచ్చయింది. మరొకరైతే ఆ కీర్తితో కాలం గడిపేవారు. ప్యాటర్సన్‌కు ఆ మురికి మీద కుతూహలం పట్టుకుంది. సముద్రంలో లోతున ఉన్న నీళ్లకన్నా పైనీళ్లలో సీసం చాలా ఎక్కువ, అంటే వచ్చింది ఇటీవలే. గ్రీన్‌లాండ్ మంచును తవ్వి చూస్తే పాత పొరలకన్నా కొత్త పొరల్లో అనేక రెట్లు. 1965 నుంచి ఇదంతా వివరంగా రాస్తూ వచ్చాడు. పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు మొహం చాటేశారు. అమెరికాలో కార్లకు సీసపు పెట్రోలు పూర్తిగా ఆగింది 1996లో. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది. 1921లో కనిపెట్టింది, 2021లో ముగిసింది. గ్రీన్‌లాండ్ మంచులో ఇంకా కిందికి వెళ్తే రోమన్ల కాలపు గనుల సీసం కూడా సన్నటి గీతలా కనబడుతుంది. మంచుకు ఎవరు పంపారన్న పట్టింపు లేదు, వచ్చిందల్లా దాచుకుంటుంది.

మిడ్జ్‌లీ రెండో ప్రదర్శన 1930లో. అప్పటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. లీకైతే ఇంట్లోవాళ్లు చనిపోయేవారు. వాటికి బదులు మంటకూ అంటుకోని, మనిషికీ కీడు చేయని క్లోరోఫ్లోరోకార్బన్ వాయువును తయారుచేసి, దాన్ని గుండెనిండా పీల్చి కొవ్వొత్తి మీదికి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఈసారి అతను చెప్పింది నిజమే. పీల్చినవాడికి ఏమీ కాలేదు. గదిలో ఉన్నంతవరకూ దానంత మర్యాదస్తురాలైన రసాయనం లేదు. దేనితోనూ కలవదు, విరగదు. అందుకే కింది గాలిలో నశించక నెమ్మదిగా స్ట్రాటోస్ఫియర్ అనే పై గాలి పొర దాకా ఎక్కింది. అక్కడి అతినీలలోహిత కిరణాలకు విరిగి, విడిపోయిన ఒక్కో క్లోరిన్ పరమాణువు, ఆ కిరణాలు నేల మీదికి దిగకుండా కాచే ఓజోన్ అణువులను వేలకు వేలు ధ్వంసం చేసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇంత పెద్ద ఎత్తున నిజం కావడం అరుదు. ఈ ప్రమాదాన్ని మారియో మోలినా, షేర్‌వుడ్ రోలండ్ 1974లో కాగితం మీద లెక్క కట్టి హెచ్చరించారు. 1985లో జో ఫార్మన్ బృందం అంటార్కిటికాలోని హాలీ స్థావరం నుంచి, దశాబ్దాలుగా అదే చోట అదే తీరులో తీసిన కొలతలతో, అక్కడి వసంతంలో ఓజోన్ ఎంతగా పడిపోతోందో చూపించింది.

ఆ తర్వాత రెండేళ్లకే, 1987 సెప్టెంబరు 16న, ఆ వాయువుల వాడకం తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అపురూపంగా కనిపించే తేదీ అది. ఎందుకు అంత త్వరగా కుదిరిందో రకరకాలుగా చెబుతారు. తయారుచేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ప్రత్యామ్నాయాలు దొరికాయి, చర్మ కాన్సరు భయం నాయకులకూ ఉంది. ఇవన్నీ నిజమే. నా మటుకు నాకు ఇంకొకటి తోస్తుంది. ఆ కన్నం పడింది అందరి నెత్తి మీదా ఉన్న కప్పుకు. దాన్ని పొరుగు దేశం మీదికి జరపడానికి వీల్లేదు. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థితికి 2066 ప్రాంతంలో చేరుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. అయితే క్లోరోఫ్లోరోకార్బన్ల స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ను ముట్టుకోవు గానీ వేడిని బాగా పట్టి ఉంచుతాయి. వాటిని తగ్గించడానికి 2016లో కిగాలీలో మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది.

అంటార్కిటికా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. డీడీటీ అనే పురుగుమందును ఎన్నడూ చల్లి ఎరుగని ఆ ఖండంలో 1960ల్లోనే పెంగ్విన్ల కొవ్వులో డీడీటీ దొరికింది. లోతుకు కూడా ఇదే వర్తిస్తుంది. మరియానా అగాధంలో 1998లో దాదాపు 10,900 మీటర్ల లోతున తీసిన చిత్రంలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది.

ఇక బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. ముక్కు పట్టుకుని చట్టం చేసే పార్లమెంటును కదిలించే గుణం దీనికి పుట్టుకతోనే లేదు. ఇది వేడిని ఆపుతుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో కొలిచాడు. అంతకు మూడేళ్ల ముందే యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాలను ఎండలో పెట్టి, ఈ వాయువు నింపిన గొట్టం ఎక్కువ వేడెక్కుతుందని గమనించింది. స్వాంటె అరీనియస్ 1896లో అది రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్క కట్టాడు. చలి దేశపు మనిషి కాబట్టి రాబోయే తరాలు వెచ్చగా ఉంటాయని సంతోషించాడు కూడా. ఆ తర్వాత చాలాకాలం శాస్త్రవేత్తలకు ఉన్న ధీమా ఏమిటంటే, మనం వదిలిందంతా సముద్రం మింగేస్తుందని. అక్కడా అదే ‘అవతల’. 1957లో రోజర్ రెవెల్, హాన్స్ సూస్ ఆ ధీమాకు ఆధారం చాలదని చూపించారు. మరుసటి ఏడాది చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లలో 315 దగ్గర ఉంది. పరిశ్రమలకు ముందు 280. ఇప్పుడు 420 దాటింది. సముద్రం నిజంగానే మనం వదిలినదాంట్లో పావు వంతు మింగుతోంది. ఆ మింగినదానికి ఉపరితల నీటి ఆమ్లత్వం సుమారు 30 శాతం పెరిగింది.

చివరిగా ఒక ఓడ కథ. 1986లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి చెత్త కాల్చగా మిగిలిన బూడిద వేసే చోటు దొరకలేదు. పక్క రాష్ట్రం న్యూజెర్సీ ఇక వద్దంది. దాదాపు 14 వేల టన్నుల బూడిద ‘ఖియాన్ సీ’ అనే ఓడకెక్కి బహామాస్ బయలుదేరింది. అక్కడి ప్రభుత్వం దిగనివ్వలేదు. డొమినికన్ రిపబ్లిక్ వద్దంది, హోండురాస్ వద్దంది, పనామా వద్దంది. ఒక దేశం పొమ్మంటే ఇంకొక దేశం తలుపు తట్టుకుంటూ ఓడ తిరుగుతూనే ఉంది. 1988 జనవరిలో హైతీలోని గొనాయీవ్ తీరంలో, ఎరువు దిగుమతి అనే పేరుతో, 4 వేల టన్నులు ఇసుకలో పోసింది. సంగతి తెలిసిన హైతీ ప్రభుత్వం మళ్లీ ఎక్కించుకోమని ఆదేశిస్తే రాత్రికి రాత్రి లంగరెత్తింది. తర్వాత ఖండాలు దాటింది, పేరు ‘ఫెలీసియా’ అని మార్చుకుంది, ఆ పైన ‘పెలికానో’ అంది. ఆ ఏడాది నవంబరులో సింగపూర్ చేరేసరికి లోపల ఏమీ లేదు. మిగిలిన బూడిదను అట్లాంటిక్‌లోనూ హిందూ మహాసముద్రంలోనూ పోశారని తర్వాత కోర్టులో తేలింది.

ఈ ఓడా, ఇలాంటి మరికొన్ని ఓడలూ చేసిన రభస వల్లే 1989 మార్చిలో, ప్రమాదకర వ్యర్థాలు దేశాలు దాటడం మీద బాసెల్ ఒప్పందం వచ్చింది. గొనాయీవ్‌లో పోసిన గుట్ట మాత్రం పన్నెండేళ్లు అక్కడే ఉంది. 2000 సంవత్సరంలో దాన్ని తవ్వి పడవకెత్తి ఫ్లోరిడాకు తెచ్చారు. అక్కడా ఎవరూ దించుకోనివ్వక రెండేళ్లు ఒక కాలువలో నిలబెట్టారు. నిలబడ్డ పడవలో ఆ బూడిద మీద మొక్కలు మొలిచాయి. 2002లో దాన్ని రైలెక్కించి తీసుకెళ్లి ఒక చెత్త మైదానంలో పూడ్చారు. ఆ మైదానం ఉన్నది పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా ఉన్న రాష్ట్రంలోనే. సముద్రంలో పోసిన పదివేల టన్నులను ఎవరూ వెనక్కి తేలేదు.